ప్రహ్లాదుని బోధ – వెండితెర ప్రచారము

తాను నమ్మిన దైవమును గూర్చి తనవారితో చెప్పుకొనుట భక్తునకు సహజము. ఆ దైవమును నమ్మనివారితో చెప్పుట యెట్లు? అసలు చెప్పవచ్చునా? చెప్పినచో ఎంతవరకు చెప్పవలెను? ఈ ప్రశ్న మిక్కిలి ప్రాచీనమైనది. కాని ఒకప్పుడు ఆచార్యుడు, పౌరాణికుడు, హరిదాసు చేయుచుండిన పనిలో అధికభాగమును నేడు చలనచిత్రము తన తలపైకి ఎత్తుకొన్నది. అందువలన ఆ ప్రశ్న ప్రతి గృహస్థుని గడపలోనికి వచ్చి నిలిచినది. దీనిని భావావేశముతో గాక శాస్త్రదృష్టితో విచారించుట మంచిది.

పురాణము చెప్పువాని యెదుట కూర్చుండువారు సామాన్యముగా భక్తులే. సినిమా అట్లు కాదు. టికెట్టు కొన్న ప్రతివానికిని అది ఒక్కటే కథ చెప్పును. పక్కపక్క కుర్చీలలో వైష్ణవుడు, శైవుడు, క్రైస్తవుడు, మహమ్మదీయుడు, ఏ మతమును లేదనువాడు కూర్చుందురు. తీర్థములలో, జాతరలలో తెర కట్టి చూపునప్పుడు టికెట్టు కూడ లేదు. కావున భక్తిచిత్రము తీయువాడు తలచినను తలపకున్నను అన్యమతస్థునకు బోధ చేయుచునే యున్నాడు.

మన కోనసీమలో ఈ విషయము మరింత దగ్గరిది. అంతర్వేదిలో శ్రీ లక్ష్మీనృసింహుడు వెలసిన వాసిష్ఠీతీరమునకు ఆవలి యొడ్డున నరసాపురమున్నది. 1836లో ఇంగ్లండు నుండి మన దేశమునకు వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇరువురు ఆ నరసాపుర ప్రాంతమున నిలిచి, తెలుగు నేర్చి, డెల్టా గ్రామములలో క్రైస్తవబోధ చేసిరి. నేడు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో ఒకే కాలువగట్టు మీద రామాలయమును, ప్రార్థనామందిరమును కానవచ్చుట సామాన్యము. ఒకే కుటుంబమున రెండు విశ్వాసములవారుండుటయు కలదు. ఇట్టిచోట ఒకరి భక్తిచిత్రమును మరియొకరు చూడకుండుట జరుగదు. ఎట్లు చూడవలెను, ఎట్లు చూపవలెను అనునదియే మనము తెలిసికొనవలసినది.

రెండు ప్రమాణములు

ఈ విషయమున మన సంప్రదాయమున పైకి పరస్పర విరుద్ధముగా తోచు రెండు ప్రమాణములున్నవి.

మొదటిది గీతాచార్యుని ఆజ్ఞ. పదునెనిమిదవ అధ్యాయము చివర భగవానుడు అర్జునునితో, తపస్సు లేనివానికి, భక్తి లేనివానికి, వినగోరనివానికి, తన్ను ద్వేషించువానికి ఈ శాస్త్రమును చెప్పరాదని నిషేధించెను. ఆ వెంటనే, తన భక్తులకు దీనిని వినిపించువాడు తన్నే చేరునని ఫలమును గూడ చెప్పెను. ఈ వాక్యమును బట్టి చూడగా అన్యవిశ్వాసులకు బోధింపవలదని తోచును.

రెండవది భగవద్రామానుజుల చరిత్ర. గోష్ఠీపూర్ణుల వద్ద రహస్యార్థమును పొందుటకు ఆయన పదునెనిమిది పర్యాయములు తిరుక్కోట్టియూరునకు నడచి వెళ్లెను. ఎవరికిని వెల్లడింపరాదన్న నియమముతో పొందిన ఆ అర్థమును ఆలయము పైనెక్కి గోష్ఠికంతకును వినిపించెను. ఆజ్ఞ మీరినందులకు తాను నరకమునకు పోయినను ఇందరు తరింతురు గదా అని ఆయన సమాధానము. ఆ దయకు కరిగి గోష్ఠీపూర్ణులు ఆయనను కౌగిలించుకొనిరని గురుపరంపర చెప్పుచున్నది. దీనిని బట్టి చూడగా అందరకు బోధింపవలెనని తోచును.

విరోధము పైకి మాత్రమే. రామానుజుల కాలము నుండి ప్రపన్నత్వమునకు అధికారము ఆశ ఒక్కటే యని మన పూర్వాచార్యులు నిర్ణయించిరి. జాతి, విద్య, పూర్వతపస్సు మున్నగునవి అడుగబడలేదు. తరింపవలెనను కోరిక ఉన్నదా అని మాత్రమే అడుగబడినది. గీతలో నిషేధింపబడినవాడును వినగోరనివాడే గదా! కావున రెండు ప్రమాణములు కలిసి ఒక్క మాటనే చెప్పుచున్నవి: వినగోరువానికి తలుపు మూయరాదు, వినగోరనివాని చెవిలో బలవంతముగా పోయరాదు.

ఇక వినగోరనివానికి వినవలెనను కోరిక యెట్లు పుట్టును? చలనచిత్రమునకు గల స్థానము ఇచ్చటనే యున్నది. అది ఉపదేశము చేయజాలదు. మంత్రము నీయజాలదు. సందేహమడిగినచో తెర సమాధానము చెప్పదు. అది చేయగలిగినది రుచి పుట్టించుట మాత్రమే. ఆ హద్దు దాటి ఉపదేశస్థానమున కూర్చుండ యత్నించు చిత్రము చూచువానిని తరిమివేయును.

ప్రహ్లాదుడు నమ్మనివారికి చెప్పిన తీరు

నమ్మనివారి నడుమ నిలిచి హరికథ చెప్పినవారిలో ప్రహ్లాదునకు మించినవాడు మన వాఙ్మయమున లేడు. ఆయన శ్రోతలు దైత్యబాలురు. హరి తమ కులమునకు శత్రువని ఉగ్గుపాలతో విన్నవారు. వారికి చదువు చెప్పువారు శుక్రాచార్యుని కుమారులైన చండామర్కులు. భాగవత సప్తమ స్కంధమున ఈ బోధ జరిగిన విధమును శ్రద్ధతో చదివినచో ప్రచారమునకు కావలసిన ధర్మశాస్త్రమంతయు అందే యున్నది.

మొదటి విషయము సమయము. గురువులు ఇంటిపనులమీద వెళ్లినారు. తోటి బాలురు ప్రహ్లాదుని ఆటకు పిలిచినారు. వారు పిలిచిన పిమ్మటనే, ఆ తీరిక వేళ, వారిలో నొకడుగా కూర్చుండి, చిరునవ్వుతో ఆయన మాటాడెను. తండ్రి సభలోనికి పిలువకుండ పోయి ఆయన బోధింపలేదు. తండ్రి ఒడిలో కూర్చుండబెట్టుకొని, చదివినదానిలో ఏది మేలైనదో చెప్పుమని అడిగినప్పుడే తనకు తోచిన సత్యమును చెప్పెను.

రెండవది ఆరంభము. ఆయన హరి గొప్పతనముతో ఆరంభింపలేదు. ఆ బాలుర అనుభవముతో ఆరంభించెను. మనుష్యజన్మ దుర్లభము. నూరేండ్ల ఆయుస్సులో సగము నిద్రకు పోవును. ఇరువది యేండ్లు ఆటపాటలకు, ఇరువది యేండ్లు ముసలితనమునకు పోవును. మిగిలినది సంసారతాపత్రయమునకు పోవును. పట్టుపురుగు తన గూటిలో తానే చిక్కుకొన్నట్లు మనుష్యుడు చిక్కుకొనును. ఇందు దైత్యుడు కాదనవలసిన మాట ఒక్కటియు లేదు. నమ్మినవాడును నమ్మనివాడును సమముగా నిలువగల నేలమీద నిలిచి ఆయన మాట మొదలుపెట్టెను.

మూడవది బోధయొక్క సారము. అచ్యుతుని మెప్పించుట కష్టము కాదనెను. ఏలయనగా ఆయన సర్వభూతములకును ఆత్మయై యున్నాడు. కావున ఆసురభావమును విడిచి సకల భూతములయందు దయ, మైత్రి చూపుమనెను. వారి తండ్రులను నిందింపలేదు. గురువులను ఎగతాళి చేయలేదు. వినకున్నచో నరకమని భయపెట్టలేదు. వినినచో రాజ్యమని ఆశపెట్టలేదు.

నాల్గవది ప్రశ్నకు చోటిచ్చుట. మన యిరువురకును గురువులు వీరే గదా, నీకు మాత్రము ఇది యెట్లు తెలిసినదని బాలురడిగిరి. అడుగుట తప్పనక, తల్లి గర్భమున నుండగా నారదుని వలన విన్న వృత్తాంతమును చెప్పెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. ఆ దైత్యబాలురు ప్రహ్లాదుని మాటను నిర్దోషమని యెప్పుడు స్వీకరించిరి? నృసింహుడు స్తంభము నుండి వెలువడిన పిమ్మట కాదు. అంతకు ముందే స్వీకరించిరి. వారి బుద్ధి మారినదని గురుపుత్రుడు భయపడి రాజునకు తెలిపెను. దానిచేతనే హిరణ్యకశిపునకు క్రోధము మిన్నంటెను. ఆ క్రోధమునందే స్తంభమును గూర్చిన ప్రశ్న పుట్టెను. అనగా కథాక్రమమున బోధ ముందు, నమ్మిక తరువాత, అద్భుతము కడపట.

ఆ అద్భుతమును కన్నులార చూచిన నాస్తికుడు ఒక్కడే, హిరణ్యకశిపుడు. ఆయన నమ్మెనా? నమ్మలేదు. కనుల యెదుట నృసింహుని చూచియు గద యెత్తి మీదికి దూకెను. అద్భుతము నమ్మనివానిని మార్చలేదు, బోధ మార్చినది. పాఠకులు ఈ ఒక్క విషయమును మనస్సున నిలుపుకొందురుగాక. ఈ వ్యాసమున చెప్పదలచినదంతయు దీనిపైననే ఆధారపడియున్నది.

ఫాల్కే చూచిన క్రీస్తు చరిత్ర

భారతీయ చలనచిత్రమే అన్యమతభక్తిచిత్రమును చూచిన ఒక హిందువు మనస్సున పుట్టినదని చాలమందికి తెలియదు. మన గోదావరి పుట్టిన త్ర్యంబకేశ్వరమునందే 1870లో సంస్కృత పండితుని ఇంట దాదాసాహెబ్ ఫాల్కే జన్మించెను. 1910 ప్రాంతమున బొంబాయి నగరమున ఆయన క్రీస్తు జీవితమును చూపు ఒక మూగచిత్రమును చూచెను. ఆ చిత్రము ఆయన కన్నుల ముందు నడచుచుండగా ఆయన మనస్సున కనబడినది క్రీస్తు కాదు. శ్రీరాముడు, శ్రీకృష్ణుడు, గోకులము, అయోధ్య. మన దేవతలు ఇట్లు తెరమీద కదలుట ఎన్నడని ఆయన పరితపించెను. ఇంటనున్న వస్తువులను గూడ తాకట్టు పెట్టి 1913లో 'రాజా హరిశ్చంద్ర'ను విడుదల చేసెను. పిమ్మట 1918లో శ్రీకృష్ణ జన్మమును, 1919లో కాళీయమర్దనమును చిత్రించెను. కాళీయమర్దనమున బాలకృష్ణుడుగా నటించినది ఆయన కుమార్తె మందాకిని.

ఇందు గ్రహింపవలసినదేమి? అన్యమతచిత్రము చూచినంతమాత్రమున మతము పోవునని భయపడనక్కరలేదు. తన యింటి దీపము వెలుగుచున్నవానికి పొరుగింటి దీపము తన దీపమునే గుర్తుచేయును. ఫాల్కే హృదయమున పండితుడైన తండ్రి నాటిన రామకృష్ణులుండుటచేతనే ఆ తెరమీద వారు కనబడిరి. ఇల్లు చీకటిగా నున్నవానికి మాత్రము పొరుగుదీపమే దీపమగును. అప్పుడు తప్పు పొరుగువానిది కాదు.

స్తంభము మీదనే దృష్టి

తెలుగున మాటలు నేర్చిన మొదటి చిత్రము ప్రహ్లాదుని కథయే యగుట మనకు గర్వకారణము. సురభి నాటకసమాజము వారు ప్రదర్శించుచుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారి నాటకమును ఆధారముగా గొని హెచ్.ఎం. రెడ్డి 'భక్త ప్రహ్లాద'ను తీసెను. అది 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలయైనట్లు పరిశోధకులు నిర్ధారించిరి. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడుగను, సురభి కమలాబాయి లీలావతిగను నటించిరి. పిమ్మట 1967లో ఎ.వి.ఎం. వారి వర్ణచిత్రమున ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడుగను, బాలనటి రోజారమణి ప్రహ్లాదుడుగను ప్రసిద్ధులైరి. నారదపాత్రను మంగళంపల్లి బాలమురళీకృష్ణ ధరించెను. 2025 జులైలో 'మహావతార్ నరసింహ' అను యానిమేషన్ చిత్రము పలుభాషలలో విడుదలయై, బాలబాలికలను విశేషముగా ఆకర్షించినది.

ప్రహ్లాదుని కథ ఇన్ని పర్యాయములు తెరకెక్కుట సంతోషింపదగినదే. కాని ఈ కథను తెరమీద చూచి వచ్చిన బాలునిచేత కథ చెప్పించి చూడుడు. పాము కాటు, ఏనుగు త్రొక్కుడు, అగ్నిగుండము, స్తంభము, గోళ్లు అని వరుసగా చెప్పును. దైత్యబాలురకు ప్రహ్లాదుడేమి చెప్పెనని అడిగినచో మౌనము వహించును. దీనికి దర్శకులను నిందించి ప్రయోజనము లేదు. మాటాడుచున్న బాలుని కంటె బ్రద్దలగు స్తంభము తెరకు ఇంపైనది. ఐనను ఫలితమేమి? కథలో ఎవరినైతే మార్చినదో ఆ బోధ మరుగున పడినది. ఎవరిని మార్చలేదో ఆ అద్భుతము మిగిలినది.

భక్తుడు స్తంభోద్భవమును చూచి పులకించును. అది వానికి స్మరణము, తప్పు లేదు. భక్తుడు కానివాడు దానిని చూచి కెమెరా పనితనమును మెచ్చును, లేదా నవ్వును. కావున అద్భుతములనే నమ్ముకొన్న చిత్రము తనవారికి పండుగ చేయును గాని పరాయివానికి ఒక్క మాటయు చెప్పదు.

దీనికి భిన్నమైన నిదర్శనము 1997లో వచ్చిన 'అన్నమయ్య'. కె. రాఘవేంద్రరావు దర్శకత్వమున వచ్చిన ఈ చిత్రమున చరిత్రకు అందని కల్పనలు పెక్కు కలవు; పండితులు వానిని అంగీకరింపరు. ఐనను తాళ్లపాక కవి సంకీర్తనలు పెక్కు అందు వినబడినవి. శతాబ్దములపాటు తిరుమలలో రాగిరేకుల మీద నిద్రించి, ఇరువదవ శతాబ్దమున వెలికివచ్చి, వేటూరి ప్రభాకరశాస్త్రి వంటి విద్వాంసుల శ్రమచే పరిష్కృతములైన ఆ పదములు, ఆలయము మెట్లెక్కనివాని నాలుకమీదికి గూడ వచ్చినవి. ఆ చిత్రములోని అద్భుతములను నమ్మనివాడును పాటను పాడుకొనెను. కాలమునకు నిలిచినది భక్తుని వాక్కే.

కరుణామయుడు నేర్పు పాఠము

నమ్మనివారికొరకు తెలుగున తీయబడిన భక్తిచిత్రములలో మిక్కిలి ప్రచారము పొందినది మన సంప్రదాయమునకు చెందినది కాదు. అది 1978 డిసెంబరులో విడుదలయైన 'కరుణామయుడు'. దర్శకుడు ఎ. భీమ్‌సింగ్. క్రీస్తుగా నటించినవాడు విజయచందర్. ఇది హిందీలో 'దయాసాగర్' అను పేర వెలువడినది. సినిమాహాళ్లతో ఆగక, క్రైస్తవసంస్థలు ప్రొజెక్టర్లను గ్రామములకు తీసికొనిపోయి, ఆరుబయట తెర కట్టి దీనిని ఏండ్ల తరబడి ప్రదర్శించినవి. ఇంచుమించు ఆ కాలముననే, 1979లో, అమెరికాలో 'జీసస్' అను చిత్రము తీయబడి, రెండు వేలకు పైబడిన భాషలలోనికి అనువదింపబడినది. ఐనను తెలుగు పల్లెవాని మనస్సును ఆ అనువాదచిత్రము కంటె తెలుగుచిత్రమే యెక్కువగా పట్టుకొన్నది. ఏల?

మొదటి కారణము పేరు. కరుణ యనునది మన ఆళ్వారుల, ఆచార్యుల సొత్తు. దయాశతకము వ్రాసిన వేదాంతదేశికులు తిరువేంగడనాథుని దయనే దేవిగా భావించి స్తుతించిరి. ఆ మాట వినగానే తెలుగువాని హృదయము తనంత తాను తెరచుకొనును. రెండవ కారణము పాట. క్రీస్తు శిలువ మోసికొనిపోవు ఘట్టమునకు మోదుకూరి జాన్సన్ వ్రాయగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన పాటలో ఆ ప్రయాణము రథయాత్రగా భావింపబడినది. భీష్మైకాదశినాడు అంతర్వేదిలో రథము కదలుట చూచినవానికి ఆ భావము పరాయిదిగా తోచునా? మూడవ కారణము కథ నడచిన తీరు. ఆ చిత్రమునకు ప్రాణము తర్కము కాదు. బాధపడుచు, తన్ను హింసించువారిని క్షమించు ఒక వ్యక్తి జీవితము. దైత్యబాలుర వద్ద ప్రహ్లాదుడు చేసిన పనినే, తన నేలమీద, తన విశ్వాసము కొరకు ఆ చిత్రము చేసినది: శ్రోత భాషలో మాటాడినది, శ్రోత ఎరిగిన అనుభవముతో ఆరంభించినది.

పాత్రధారులకు, కళాకారులకు ఈ హద్దులు లేవనుటయు గమనింపదగినది. ఆ విజయచందరే 1986లో 'శ్రీ షిర్డీ సాయిబాబా మహాత్మ్యం'లో బాబాగా నటించెను. నరసాపురమున జన్మించిన బాపు 1976లో 'సీతాకళ్యాణం' తీసెను. 1980లో క్రీస్తుబోధ ప్రధానముగా గల 'రాజాధిరాజు'ను తీసెను. దూరదర్శన్‌లో 1988 నుండి 1990 వరకు ప్రసారమైన హిందీ 'మహాభారత్' ధారావాహికకు సంభాషణలు వ్రాసినవాడు రాహీ మాసూమ్ రజా అను మహమ్మదీయ కవి. పరుని కథను గౌరవముతో చెప్పుట సాధ్యమేనని వీరు చూపిరి.

ఐతే ఒక భేదమును మరువరాదు. తెరమీది కథ వేరు. కథ ముగిసిన పిమ్మట మైకు పట్టుకొని మాటాడు వక్త వేరు. కథ చూచి ప్రేక్షకుని కంట నీరు వచ్చును. ఆ తడి యారకముందే, ఇప్పుడే చేయి ఎత్తుము, ఇప్పుడే నీ దేవుని విడువుము అని తొందరపెట్టువాడు ఏ మతమువాడైనను, తన చిత్రము చేసిన మేలును తానే చెరిపివేయును. క్షణికమైన కంటనీరు నిర్ణయము కాదు. ప్రహ్లాదుడు బాలురను ప్రమాణము చేయుమని కోరలేదు. విని వారంతట వారే స్వీకరించిరి. ఈ నియమము మన ఉత్సవములలో తెర కట్టి పురాణచిత్రములు చూపి, పిమ్మట అన్యమతములను దూషించు వక్తలకును సమానముగా వర్తించును.

తానీషాకు లభించిన దర్శనము

నమ్మనివాని యెదుట భగవంతుడు తానే ఎట్లు ప్రవర్తించునో తెలుపు కథ మన తెలుగునేలమీదనే కలదు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా 1672 నుండి 1687 వరకు పాలించెను. ఆలయనిర్మాణమునకు ప్రభుత్వధనమును వ్యయము చేసినందులకు భద్రాచల రామదాసును చెరయందుంచెను. కడపట రామలక్ష్మణులు ఇరువురు యువకుల రూపమున తానీషా వద్దకు వచ్చి ఆరు లక్షల వరహాలు చెల్లించిరని సంప్రదాయకథ. ఈ వృత్తాంతమును నాగయ్య 1964లోను, రాఘవేంద్రరావు 2006లోను చిత్రములుగా తీసిరి.

ఇందలి సూక్ష్మమును గమనింపుడు. ఏండ్ల తరబడి ఏడ్చి పిలిచిన రామదాసునకు దొరకని దర్శనము, పిలువని తానీషాకు దొరకినది. స్వామి ఆయనను మతము మార్చుకొమ్మనలేదు, తన గొప్పతనమును చాటుకొనలేదు, శిక్షింపలేదు. బాకీ తీర్చి రసీదు వ్రాయించుకొని వెళ్లెను! తానీషా మహమ్మదీయుడుగనే యుండెను. కాని రామునియందు ఆయనకు గౌరవము పుట్టెను. శ్రీరామనవమికి ప్రభుత్వము పక్షమున భద్రాద్రికి ముత్యాల తలంబ్రాలు పంపు ఆచారము ఆయన నుండియే వచ్చినదని ప్రసిద్ధి. అన్యవిశ్వాసి హృదయమున గౌరవము నాటుటయే భక్తికథ చేయగల గొప్ప పని. అంతకు మించినది భగవత్సంకల్పము. దానిని తొందరపెట్టుట మన పని కాదు.

గృహస్థులు చేయవలసినది

ఇంతవరకు చిత్రములు తీయువారిని గూర్చి చెప్పితిమి. చూచువారమైన మన కర్తవ్యము దానికంటె గొప్పది.

అన్యమతచిత్రమును చూచి వచ్చిన బాలుడు ఇంట ఒక ప్రశ్న అడుగును: "తాతగారూ, వారి దేవుడు తన్ను కొట్టినవారిని గూడ క్షమించెనట. మన దేవుడు క్షమింపడా? మన దేవుని చేతిలో ఎప్పుడును చక్రమో, విల్లో ఉండునేమి?" ఈ ప్రశ్నకు కోపగించి, అట్టి సినిమాలు చూడవద్దని కసరు పెద్దలున్నారు. అట్లు కసరినచో బాలునకు రెండు విషయములు తెలియును: మన వద్ద సమాధానము లేదని ఒకటి, అడుగుట నేరమని రెండవది. ఆ రెండును అసత్యములే. అసలైన నష్టము అచ్చట జరుగును గాని తెర యెదుట కాదు.

సమాధానము మన రామాయణముననే యున్నది. రావణవధానంతరము, సీతమ్మను పది నెలలు బాధించిన రాక్షసస్త్రీలను చంపెదనని హనుమంతుడనగా, ఆ తల్లి వలదని వారించి, అపరాధము చేయనివాడెవడని అడిగెను. కాకాసురుడు ఆమెను గాయపరచి, లోకములన్నియు తిరిగి, ఎచ్చటను రక్షణ దొరకక రాముని పాదములమీదనే పడెను. స్వామి వాని ప్రాణము కాచెను. శత్రువు తమ్ముడైన విభీషణుడు ఆకాశమున నిలిచి శరణు కోరగా, సుగ్రీవాదులు సందేహించినను రాముడు అభయమిచ్చెను. రావణుడే వచ్చినను ఇత్తుననెను. ఇక ప్రహ్లాదుడు! తన్ను విషము పెట్టి, అగ్నిలో త్రోసి చంపజూచిన తండ్రి కొరకు, వరము కోరుకొమ్మన్న స్వామిని, ఆయన పాపము పోగొట్టుమని కోరెను. నీ తండ్రి యేమి, ఇరువదియొక్క తరములు పవిత్రములైనవని స్వామి పలికెను. నృసింహుని కథ గోళ్లతో ముగియలేదు, క్షమతో ముగిసినది. ఈ కడపటి ఘట్టమును బాలునకు చెప్పినవారు ఇంట నున్నచో, ఏ తెర వానిని కలతపెట్టగలదు?

కావున కొన్ని సూచనలు. పిల్లలతో భక్తిచిత్రము చూచినప్పుడు, అది ఏ మతమునకు చెందినదైనను, చూచిన పిమ్మట కొంతసేపు కూర్చుండి దానిని గూర్చి మాటాడుడు. మన చిత్రమైనచో, మూలగ్రంథమున ఏమున్నదో, తెరకొరకు ఏమి చేర్చిరో చెప్పుడు. అన్యమతచిత్రమైనచో, అందలి మంచిని మంచియని ఒప్పుకొనుడు. అట్టి గుణము మన మహాత్ములలో ఎవరియందు కలదో చూపుడు. ప్రతి యేకాదశినాడు సాయంకాలము సప్తమ స్కంధములోని ఆరవ, ఏడవ అధ్యాయములనో, పోతనగారి భాగవతమున ఆ భాగమునో ఇంటిల్లిపాదియు కలిసి చదువుడు. మాఘమాసమున అంతర్వేది రథోత్సవమునకు పిల్లలను తీసికొనిపోవువారు దారిలో ఆ కథను, స్తంభముతో ఆపక, క్షమాప్రార్థన వరకు చెప్పుడు.

పొరుగువారు తమ ఉత్సవమునకు తెర కట్టినప్పుడు దానిపై రాయి విసరుటయు, మన తెర యెదుట వారిని అవమానించుటయు వైష్ణవలక్షణములు కావు. పరుల బాధను తన బాధగా ఎరుగువాడే వైష్ణవుడని పెద్దలు నిర్వచించిరి.

అద్భుతమును అందరు చూడగలరు. చూచి మరునాడు మరువగలరు. నమ్మనివాడు నిత్యము చూచునది మన జీవితమును. తెరమీది భక్తుడు ఎంత గొప్పవాడైనను రెండున్నర గంటలలో మాయమగును; కొబ్బరితోట కావలనున్న పొరుగువానికి మనము ఏడాదికి మూడువందల అరువది యైదు దినములును కనబడుచుందుము. వానితో మనము మాటాడు తీరు, తూచు తూనిక, ఆపదలో అందించు చేయి, ఇవియే వానికి మనము చూపు భక్తిచిత్రము. ఋషులు పెక్కురు తమ మోక్షము కొరకై మౌనమున తపస్సు చేసికొందురు గాని, ఈ దీనులను విడిచి నేనొక్కడనే ముక్తుడనగుట నాకు వలదని ప్రహ్లాదుడు నృసింహుని యెదుట పలికెను. ఆ దీనులలో ఆయన గురువులు, సహపాఠులు, తన్ను ద్వేషించినవారు అందరును ఉన్నారు. ఎదుటివాడు నమ్మకున్నను వాని మేలునే కోరువాడు చెప్పిన కథ ఎప్పటికైనను ఒక చెవికి చేరును. శ్రీ లక్ష్మీనృసింహస్వామి అట్టి వాక్కును, అట్టి ఓర్పును మన యిండ్లకు ప్రసాదించుగాక.